ఒక్కరి పూనిక, పదిమంది పని

నిరుడు మా తరగతిలో ‘మాలపల్లి’ పాఠం చెబుతూ, వ్యక్తికీ సంఘానికీ గల సంబంధాన్ని వివరిస్తున్నాను. వ్యక్తులు చరిత్రను నడపరనీ, చరిత్రే తనకు కావలసిన వ్యక్తులను తయారు చేసుకుంటుందనీ, ఏటేటా చెప్పే మాటలే చెప్పాను. పాఠం ముగిశాక ఒక విద్యార్థిని లేచి, "సార్, మా వాడకట్టుల మోరీ నిండి ఇండ్లల్లకు నీళ్ళొస్తున్నయ్. ఎవ్వరు పట్టించుకుంటలేరు. నేనొక్కదాన్ని పోయి దరఖాస్తు ఇస్తే ఏమన్న అయితదా?" అని అడిగింది.

నేను తడుముకోకుండా జవాబిచ్చాను. ఇది ఒక్క మోరీకి సంబంధించిన సమస్య కాదనీ, కార్మిక బస్తీల పట్ల ఈ వ్యవస్థకు గల నిర్లక్ష్యమే దీనికి మూలమనీ, మూలం మారనిదే ఇటువంటివి తీరవనీ అన్నాను. ఆ పిల్ల వినయంగానే విన్నది. విని, "అప్పటిదాక నీళ్ళాగయి గద సార్" అన్నది.

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. నేను చెప్పినదానిలో అసత్యం లేదు. కాని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు అది సమాధానం కాదు. ఇంకా ఆలోచించగా, ఈ తప్పు నా ఒక్కడిదే కాదనీ, మన అభ్యుదయ విమర్శలోనే చాలాకాలంగా ఉన్నదనీ తోచింది. సొంత చొరవతో పదిమంది కష్టాన్ని భుజాన వేసుకునే పాత్ర కథలోనో నవలలోనో కనిపించినప్పుడు మనం రెండు విధాలుగా ప్రవర్తిస్తున్నాం. ‘సంస్కరణవాదం’ అనో ‘వ్యక్తివాదం’ అనో ఒక్కమాటతో కొట్టివేస్తున్నాం. లేదా, ఆ పాత్ర మన పక్షాన మాట్లాడితే, ‘వీరనాయకుడు’ అని మెడలో దండ వేసి ఊరుకుంటున్నాం. కొట్టివేసినా, దండ వేసినా, ఆ పాత్ర చేసిన పని ఎటువంటిదో పరీక్షించే శ్రమ మాత్రం తప్పించుకుంటున్నాం. ఆ పరీక్షకు పూనుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఊరందరూ రాత్రివేళ తలా చెంబెడు పాలు గుండంలో పోయాలని రాజు ఆజ్ఞాపించిన కథ మనలో విననివారుండరు. అందరూ పాలు పోస్తారు గదా, నా ఒక్క చెంబు నీళ్ళు ఎవరికి తెలుస్తాయని ప్రతి ఒక్కడూ అనుకున్నాడు. తెల్లవారేసరికి గుండం నిండా నీళ్ళే. దీన్ని మనం పిల్లల నీతికథగా చెప్పి వదిలేస్తాం. నిజానికి ఇది పెద్దలకు, అందులోనూ మనబోటి సిద్ధాంతం తెలిసిన పెద్దలకు, చెప్పవలసిన కథ. ‘సమష్టి చేస్తుంది’ అన్న నమ్మకం, ఆ సమష్టిలో తానూ ఒకణ్ణన్న ఎరుక లేనప్పుడు, సోమరితనానికి సాకుగా మారుతుంది. చారిత్రక ఆవశ్యకతను నమ్మినవాడు చేతులు ముడుచుకొని కూర్చోనక్కర లేదని, చరిత్రలో వ్యక్తి నిర్వహించే పాత్రను గురించి 1898లో రాసిన వ్యాసంలో ప్లెఖనోవ్ వాదించాడు. ఆ వ్యాసాన్ని మనం చదివాం, తరగతుల్లో ఉదాహరించాం. కాని దాని వెలుగులో మన నవలలను తిరిగి చదవలేదు.

ఈ ప్రశ్నను మన సాహిత్యంలో మొదట లోతుగా పరిశీలించినవాడు గురజాడ. 1897లో మొదటిసారి వెలువడి, 1909లో కొత్త రూపం దాల్చిన ‘కన్యాశుల్కం’లో సంఘసమస్య ఎదుట నిలిచిన మనుషులు ముగ్గురున్నారు. గిరీశానికి ప్రతి సమస్య మీదా ఉపన్యాసం సిద్ధంగా ఉంటుంది. వితంతు వివాహం అతనికి ఆశయం కాదు, బుచ్చమ్మను లేవదీసుకుపోవటానికి దొరికిన దారి. సౌజన్యారావు పంతులు నిజాయితీపరుడు. కాని అతని మంచితనం చుట్టూ మడి ఉన్నది. వేశ్య ముఖం చూడననే వ్రతం పట్టి, ఏ మనిషి దగ్గర సాక్ష్యం ఉన్నదో ఆ మనిషినే దూరం పెట్టాడు. మూడవది మధురవాణి. ఆమెకు ఉపన్యాసమూ లేదు, వ్రతమూ లేదు. సుబ్బి అనే పసిపిల్లను ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టకుండా ఆపటం ఎట్లా అన్నదొక్కటే ఆమె ముందున్న పని. కరటకశాస్త్రి పన్నిన మాయపెళ్ళికి ఆమె తోడ్పడింది. ఆ మాయ బెడిసి లుబ్ధావధాన్ల మీదికి హత్యానేరం వస్తే, మగవేషం వేసుకొని వకీలు ఇంటికి పోయి ఆ చిక్కునూ విప్పింది.

మన ప్రశంస ఇక్కడ ఆగిపోతుంది. ఆగకుండా ఇంకొక్క అడుగు వేస్తే తెలిసేదేమిటి? సుబ్బి బయటపడింది, కన్యాశుల్కం ఎక్కడిదక్కడే ఉన్నది. మీనాక్షి బ్రతుకు నాటకం ముగిసేసరికీ తేలలేదు. ఆ అగ్రహారంలో మరో సుబ్బికి ఇటువంటి ఆపదే వస్తే మరో మధురవాణి కావాలి. ఎందుకంటే, మధురవాణి చేసినదేమిటో ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే ఆ పథకమే పారదు. రహస్యంగా ఉండటమే ఆ చొరవకు బలం, అదే దానికి హద్దు. గురజాడ ఈ హద్దును దాచలేదు. ఒక మనిషి తెలివీ దయా కలిసి ఎంతదూరం పోగలవో చూపించి, ఆపైన పోలేని చోట తెర దించాడు. అది రచయిత లోపం కాదు, వాస్తవికత.

అదే కాలంలో నాటకం బయట జరిగిన పని వేరు. వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. పాఠ్యపుస్తకాలు ఈ వాక్యంతో ఆగుతాయి. కాని ఊరు వెలివేసినప్పుడు, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రానప్పుడు, గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వండిపెట్టినది రాజ్యలక్ష్మమ్మ. ఖర్చుకు డబ్బిచ్చి నిలిచినవాడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. అల్లరి జరగకుండా కాపలా కాసినవాళ్ళు విద్యార్థులు. చొరవ ఒకరిదే, దాన్ని పనిగా మార్చినవారు అనేకులు. వీరేశలింగం గొప్పతనం ఒంటరిగా నిలవటంలో ఉన్నదని మనకు నేర్పారు. ఒంటరిగా నిలవకుండా చూసుకోవటంలోనే అది ఉన్నదని నేనంటాను. మధురవాణి ఎవరికీ చెప్పలేని పని చేసింది. వీరేశలింగం నలుగురూ చూస్తుండగా, నలుగురికీ తలా ఒక భారం అప్పగించి చేశాడు. అందుకే ఆ పెళ్ళి తర్వాత మరిన్ని పెళ్ళిళ్ళు జరిగాయి.

ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ సమస్యను 1922 నాటి ‘మాలపల్లి’లో ఇంకా ముందుకు తీసుకుపోయాడు. రామదాసు కొడుకులిద్దరినీ చూడండి. సంగదాసు భూస్వామి చౌదరయ్య ఇంట పాలేరు. కూలి విషయంలో రైతులు అన్యాయానికి దిగినప్పుడు కూలివాళ్ళను కూడగట్టి నిలబెట్టాడు. చౌదరయ్య కోపంలో కొట్టిన దెబ్బకు ప్రాణం వదిలాడు. అన్న వెంకటదాసు వేరొక దారి పట్టాడు. తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో దండు కట్టి, ఉన్నవాడి దగ్గర దోచి లేనివాడికి పెట్టాడు. సాహసానికీ త్యాగానికీ ఇద్దరిలో ఎవరూ తీసిపోరు. సంగదాసు గాంధీ మార్గానికీ, వెంకటదాసు విప్లవ మార్గానికీ ప్రతీకలని మనలో చాలామంది రాశారు. ఏ పక్షం వారు ఆ పక్షం పాత్రను మెచ్చుకున్నారు. ఈ పంపకం నాకు తృప్తి కలిగించలేదు.

ఈ పాత్రలను హింస, అహింస అనే గీటురాయి మీద కాక, ‘ఇతని తర్వాత ఏమి మిగిలింది?’ అన్న గీటురాయి మీద గీసి చూడాలి. జగ్గడి చేతి నుంచి ధాన్యం అందుకున్నవాడు ఆ పూట తిన్నాడు. మరునాడు మళ్ళీ జగ్గడి కోసమే ఎదురు చూశాడు. అతడు పట్టుబడటంతో పంపకం ఆగింది. సంగదాసు చేతి నుంచి ఎవరూ ఏమీ అందుకోలేదు. కూలికి పోవటమా, మానటమా అన్నది తమ చేతిలో ఉన్నదని మాత్రం తెలుసుకున్నారు. అందువల్లనే అతడు చనిపోయిన తర్వాత అతని పేర సంగపీఠం వెలిసింది. నవలకు ‘సంగవిజయము’ అన్న రెండో పేరు వచ్చింది. కొడుకు పేరునూ సంఘం అన్న మాటనూ రచయిత ఒకదానిలో ఒకటి వినిపించేటట్లు కూర్చాడని నా నమ్మకం. మనిషి పోయి సంఘం మిగలటమే ఆ విజయం.

ఐతే ఉన్నవను కూడా పరీక్షించకుండా వదలరాదు. సంగపీఠం పెరిగి పెద్దదయ్యే భాగంలో నవల నేల విడిచింది. కూలివాళ్ళు తమలో తాము తగవులాడుకొని, పొరపాట్లు చేసి, దిద్దుకొని నేర్చుకునే క్రమం అక్కడ లేదు. ధర్మాత్ములు స్థాపించారు, సంస్థ వర్ధిల్లింది, అంతే. రచయిత జీవితం ఈ చోట నవలకన్న నిజంగా ఉన్నది. 1922లోనే ఆయనా భార్య లక్ష్మీబాయమ్మా గుంటూరులో స్త్రీవిద్య కోసం శారదానికేతనం నెలకొల్పారు. సంస్థ నడపటమంటే రోజూ ఎదురయ్యే బియ్యం, అద్దె, చందాల బాధ అని ఆయనకు తెలియనిది కాదు. ఆ బాధ నవలలోకి వచ్చి ఉంటే ‘మాలపల్లి’ చివరి భాగం మరింత బలంగా ఉండేది.

ఇక మన తెలంగాణాకు వద్దాం. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. అవమానపడ్డవారు ఇంటికి పోయి బాధపడి ఊరుకోవచ్చు. పదిపన్నెండుమంది ఆ రాత్రే కూర్చొని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ అయింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి తానొక మహాకావ్యం రాసి జవాబు చెప్పలేదు. 354 మంది కవులను వెదికి పోగు చేసి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చాడు. తన గొంతు పెంచటానికి బదులు, వినబడని గొంతులను ఒకచోట చేర్చాడు. చొరవకు ఇంతకన్న మంచి నిర్వచనం మన సాహిత్య చరిత్రలో దొరకదు.

ఈ వాతావరణంలో పెరిగినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లా మాధవరంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, పరుల ఇళ్ళలో వంట చేసి, విజయవాడ హోటల్లో సర్వరుగా పనిచేసి చదువు సంపాదించుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ముప్పైకి పైగా పుస్తకాలు ప్రచురించాడు. ప్రచురించి దుకాణంలో పెట్టుకొని కూర్చోలేదు. మోసుకొని ఊళ్ళు తిరిగి అమ్మాడు. ఆనాటి తెలంగాణా పల్లెలో తెలుగు పుస్తకం లేకపోవటం ఒక సమస్య అని తోచినవారు చాలామంది ఉండి ఉంటారు. తన నెత్తిమీద పెట్టుకొని నడిచినప్పుడే అది తీరటం మొదలవుతుందని తోచినవాడు ఆయన. తర్వాత ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉన్నాడు.

ఆ మనిషి 1950లలో ప్రచురించిన నవలకు ‘ప్రజల మనిషి’ అని పేరు పెట్టాడు. ‘ప్రజానాయకుడు’ అనలేదు. ఆ షష్ఠీ విభక్తిలోనే నవల సిద్ధాంతమంతా ఉన్నది. నాయకుడికి ప్రజలుంటారు, ఇక్కడ ప్రజలకు ఒక మనిషి ఉన్నాడు. దిమ్మెగూడెం దొర రామభూపాలరావు దౌర్జన్యం, వెట్టి, మతమార్పిడుల మధ్య నలిగే నిమ్న కులాలవారు, ఆంధ్ర మహాసభ ప్రభావంతో మేలుకొంటున్న ఊళ్ళు — ఇదీ నవలలోని సంఘం. వైష్ణవ కుటుంబంలో పుట్టిన యువకుడు కంఠీరవం ఈ సంఘం మధ్య నిలబడి, దాని కష్టాన్ని తన కష్టంగా ఎత్తుకుంటాడు.

కంఠీరవం మీద మనం పెట్టవలసిన అభ్యంతరం ఒకటుంది. నవలలో చాలాచోట్ల ఆలోచించే పని అతనిది, వినే పని ఊరిది. చదువుకున్న పై కులపు యువకుడు వచ్చి దారి చూపితే తప్ప, మట్టి పిసికే మనిషికి దారి తోచదా అని ఈనాటి పాఠకుడు అడిగితే అడగవచ్చు, అడగాలి కూడా. ఆళ్వారుస్వామికి ఈ లోపం తెలిసిందనటానికి ఒక ఆధారం చూపుతాను. అతని తరువాతి నవల పేరు ‘గంగు’. సింహమనే అర్థమున్న కంఠీరవం అన్న పేరు నుంచి, ఏ వాడకట్టులోనైనా వినిపించే గంగు అన్న పేరుకు రావటమే ఒక ప్రయాణం. ఆ నవల పూర్తి కాకముందే 1961లో ఆయన మరణించాడు; అసంపూర్ణంగానే 1965లో అది అచ్చయింది.

కాని కథ అక్కడ ఆగలేదు. తెలంగాణా ప్రజా జీవితాన్ని దశలవారీగా నవలల్లో చిత్రించాలన్న ఆళ్వారుస్వామి సంకల్పాన్ని దాశరథి రంగాచార్య తన పనిగా స్వీకరించి ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ రాశాడు. ఒకడు ఎత్తుకున్న మూటను దారిలో దించితే, మరొకడు తలకెత్తుకున్నాడు. ‘ప్రజల మనిషి’లోని లోపాన్ని దిద్దినది ఏ విమర్శకుడూ కాదు, ఈ కొనసాగింపు.

ఇక్కడికి ఉత్తరాన, గోదావరి దాటితే కొమురం భీం కథ ఉన్నది. అల్లం రాజయ్య, సాహు కలిసి ‘కొమురం భీం’ నవల రాశారు. భీం అస్సాం తేయాకు తోటల్లో కూలిపని చేసి, లోకం చూసి, తిరిగి వచ్చి, పన్నెండు గూడేలను అడవి మీదా భూమి మీదా హక్కు కోసం నిలిపి, 1940లో జోడెన్‌ఘాట్ కొండల్లో ప్రాణమిచ్చాడు. ఈ నవలను ఇద్దరు కలిసి రాయటం నాకు యాదృచ్ఛికమనిపించదు. ఒక్క వీరుడి మీద రాసిన పుస్తకానికి ఒక్క కర్త లేడు.

ఇప్పుడు మా బొగ్గు ప్రాంతం సంగతి. నేనుండే జ్యోతినగర్ ఊరు కాదు, టౌన్‌షిప్. 1978లో రామగుండం విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగిన తర్వాత పుట్టినది. పక్కనే గోదావరిఖని గనులు. ఆ బొగ్గుతోనే ఇక్కడ కరెంటు. కంపెనీ ప్రాంతపు జీవితంలో ఒక విశేషమున్నది. క్వార్టరూ, నల్లా, దవాఖానా, బడీ అన్నీ యాజమాన్యమే ఇస్తుంది గనుక, ఏది చెడినా ఫిర్యాదు పుస్తకంలో రాసి ఎదురు చూడటం మనకు అలవాటు. ఊళ్ళో చెరువుకు గండి పడితే పార పట్టుకొని పరుగెత్తే మనిషే, క్వార్టరులోకి వచ్చాక కుళాయి కారుతుంటే రెండురోజులు చూస్తూ కూర్చుంటాడు. గోడ బయట బస్తీల్లో ఉండే కాంట్రాక్టు కార్మికుడికి ఆ పుస్తకమూ లేదు, వెనుకటి ఊరూ లేదు. చొరవ అవసరం అందరికన్న ఎక్కువ అతనికే. తీరిక అందరికన్న తక్కువ అతనికే.

ఐనా ఈ ప్రాంతపు కార్మికులకు చొరవ లేదనే ధైర్యం ఎవరికీ లేదు. ఒక్కరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే పద్ధతికి వ్యతిరేకంగా 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు పని ఆపారు. ఆ 56 రోజుల్లో ఇంటింటా పొయ్యి ఎట్లా వెలిగిందో, ఏ కిరాణా దుకాణదారు ఎంత అప్పు పెట్టాడో, ఏ తల్లి మరో ఇంటి పిల్లలకు అన్నం పెట్టిందో ఆలోచించండి. సమ్మె పిలుపులో కనిపించని ఆ వేలాది చిన్న చొరవలు లేకపోతే 56 రోజులు సాగేవి కావు. మన బొగ్గుబావుల సాహిత్యం ఊరేగింపులనూ తుపాకులనూ బాగానే చిత్రించింది. అప్పు పెట్టిన దుకాణదారుకు ఇంకా తగిన కథ రావలసే ఉన్నది.

సాహిత్యం ఈ చిన్న చొరవను ఎట్లా మేల్కొల్పగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. అక్షరాస్యత ఉద్యమంలో కొత్తగా చదువు నేర్చుకుంటున్న పల్లె స్త్రీల పాఠంలో సారా గురించిన ‘సీతమ్మ కథ’ ఉండేది. ఆ పాఠాన్ని ఏ విమర్శకుడూ సమీక్షించి ఉండడు; శిల్పం గురించి దానిలో చెప్పుకోవలసిందేమీ లేదు. కాని చదివిన స్త్రీలు తామే సీతమ్మలమని గుర్తించారు. 1992లో రోశమ్మ మొదలైనవారు తమ ఊరి సారా దుకాణం మూయించారు. వారిని చూసి పక్క ఊరు, దాన్ని చూసి ఇంకొక ఊరు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు కూడా. ఈ చివరి వాక్యాన్ని మనం మరువరాదు. చొరవ చట్టాన్ని తేగలదు. చట్టాన్ని నిలబెట్టాలంటే చొరవ సంఘంగా మారి మెలకువగా ఉండాలి.

ఇంతవరకు ‘వ్యక్తి చొరవ’ను కొట్టివేసేవారికి సమాధానం చెప్పాను. ఇక దండలు వేసేవారి సంగతి. ఆదివారం అనుబంధాలు నిండా ఇప్పుడు ‘స్ఫూర్తిదాత’ల కథలే. బీహారులో దశరథ్ మాంఝీ అనే నిరుపేద 1960 నుంచి 1982 వరకు, ఇరవైరెండేళ్ళు, సుత్తీ ఉలీ పట్టి కొండను తొలిచి దారి వేశాడు. ఆ మనిషికి చేతులెత్తి మొక్కవలసిందే. కాని ఆ కథ చెప్పేవారు ఒక ప్రశ్న అడగటం మరచిపోతారు. ఆ ఇరవైరెండేళ్ళూ దారి వేయవలసిన ప్రభుత్వం ఎక్కడ ఉన్నది? స్వతంత్ర దేశంలో ఒక కూలివాడు తన యౌవనమంతా కొండకు ధార పోయటం స్ఫూర్తి మాత్రమే కాదు, ఒక నేరానికి సాక్ష్యం కూడా. ఆ సాక్ష్యాన్ని మరుగుపరచి స్ఫూర్తిని మాత్రమే అమ్మే రచన, ఎంత కన్నీరు తెప్పించినా, పాలకపక్షం రచనే. ‘మీ సమస్య మీరే తీర్చుకోండి’ అన్న మాటకు అది తీపి పూత.

కనుక విమర్శకులుగా మనం ఇటువంటి పాత్ర ఎదురైనప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడని నాకు తోస్తున్నది. ఈ మనిషి చేసిన పని చూసి ఇంకెవరు నేర్చుకున్నారు? ఈ పని వల్ల, బాధ్యత గలవాడికి తన బాధ్యత గుర్తుకు వచ్చిందా, లేక అతని నెత్తి మీది బరువు దిగిపోయిందా? ఈ మనిషి రేపు లేకపోతే పని సాగుతుందా? మధురవాణి మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. మాంఝీ కథను ఇప్పుడు చెబుతున్న తీరు రెండో ప్రశ్న దగ్గర తప్పుతుంది. తక్కెళ్ళ జగ్గడు మూడో ప్రశ్నకు నిలవడు. సంగదాసు నిలుస్తాడు, ఆళ్వారుస్వామి నిలుస్తాడు, దూబగుంట స్త్రీలు నిలుస్తారు. పూనిక ఒక్కరిదైనప్పుడు అది గుణం. పదిమంది చేతుల్లోకి పోయి, మొదట పూనుకున్నవారి పేరు అక్కర లేకుండా పోయినప్పుడే అది శక్తి.

ఆ విద్యార్థిని సంగతి చెప్పి ముగిస్తాను. నా జవాబుతో నిమిత్తం లేకుండానే ఆమె దరఖాస్తు రాసి తీసుకుపోయింది. ఆఫీసులో తీసుకున్నారు, మరచిపోయారు. రెండోసారి ఒంటరిగా పోలేదు. సాయంత్రాలు గడప గడపకూ తిరిగింది. "నీకెందుకు బిడ్డా" అన్నవారే ఎక్కువట. మొదట వేలిముద్ర వేసినది గనిలో పనిచేసి చనిపోయిన ఒక కార్మికుడి ముసలి భార్య. ఆ తర్వాత ముప్పైమంది దాకా కలిసి పోయారు. మోరీ పని మొదలైంది. సగం వీధి వరకు వచ్చి ఆగింది. ఇది విజయగాథ కాదు.

ఈ ఏడు ఆ అమ్మాయి పై చదువుకు వరంగల్ వెళ్ళిపోయింది. మొన్న వేసవిలో ఆ వాడకట్టుకు నల్లా నీళ్ళు వారం రోజులు రాలేదట. ఆ వీధిలో ఉండే మరో విద్యార్థి నాతో అన్నాడు, దరఖాస్తు ఈసారి ఒక కూరగాయలమ్మే ఆవిడ రాయించిందనీ, సంతకాలు ఒక్కపూటలో అయిపోయాయనీ, మిగిలిన సగం మోరీ సంగతి కూడా అందులోనే రాశారనీ. ఆ కాగితం మీద నా విద్యార్థిని పేరు లేదు. నా పేరు మొదటి కాగితం మీదా లేదు, రెండోదాని మీదా లేదు. వ్యవస్థ స్వభావం వివరించటంలో నాకు తీరిక దొరకలేదు. ఈ ఏడు ‘మాలపల్లి’ పాఠం మొదలుపెట్టినప్పుడు ఆ సంగతి తరగతిలో ముందుగా ఒప్పుకొని, ఆ తర్వాతే సంగదాసు గురించి మాట్లాడాను.